రెప్ప వేయని శవం

ఈగ వచ్చి ఎడమ కనుకొలుకులో వాలింది. వాలనీ, శవం మీద ఈగ వాలితేనే నిండుదనం, అనుకున్నాడు తోమినోజో. రంగస్థలం ముందంచున చెంప చెక్కకు ఆనించి, గడ్డిచాప రొమ్ము దాకా కప్పుకుని, రెండు కళ్ళూ తెరుచుకుని పడి ఉన్నాడు అతను. ఈ అంకం అయ్యేదాకా అతను ముసలి దాది శవం. తెర తీయకముందే దాదిని చంపేస్తారు గనక ఒక మాట లేదు, ఒక అడుగు లేదు, ఉన్నవల్లా ఈ కళ్ళే. ఈ వేసవిలో ఎడో నగరం సగం ఈ కళ్ళను చూడ్డానికే వస్తోంది. నేల మీద కొయ్యలతో విడదీసిన గళ్ళలో మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుని, విసనకర్రలు ఊపుకుంటూ, అన్నం ముద్దలూ ముల్లంగి ఊరగాయా నములుతూ, చంకలో పిల్లల తలలు ఇటు తిప్పి చూపిస్తూ. "అదుగో చూడు, రెప్ప ఆర్పదు. చచ్చినా చూస్తూనే ఉంటుంది. నువ్వు అల్లరి చేస్తే నిన్నూ చూస్తుంది." పిల్ల ఏడుస్తుంది, తల్లి నవ్వుతుంది. ఇవాళా అంతే అనుకున్నాడు, తెర తొలిగిన కాసేపటికి అంచు పక్కనున్న గడిలోకి, చెయ్యి చాస్తే అందేంత దగ్గరికి, ముందు ఒక కర్ర దిగి, తర్వాత బిగుసుకుపోయిన కాలొకటి దిగి, ఆ తర్వాత పుచ్చకాయ ముక్కల పళ్ళెం పట్టుకుని కొతోజి దిగేదాకా. కొతోజి, తన శిష్యుడు, చేత్తో అన్నం పెట్టి పెంచినవాడు, మొన్నటిదాకా ఇదే రంగస్థలం మీద ఇదే అంకంలో నాయిక వేషం వేసినవాడు. కాలు విరిగాక ఈ నాటకశాలకు రావడం ఇదే.

కళ్ళు తిప్పకూడదు. చూపును ఎదుటి స్తంభానికి వేలాడే ఎర్ర లాంతరు మీద పెట్టి అక్కడే వదిలేయాలి, ఒంటితో పనిలేని వస్తువును పారేసినట్టు. మండితే మండనివ్వాలి. దుర్మార్గపు మొగుడి వేషంలో ఉన్న రొకుసబురో కత్తి దూసినప్పుడు జనం చూపంతా అటు పోతుంది, ఆ తృటిలో ఒకసారి రెప్ప వేసి కళ్ళు తడి చేసుకోవాలి, అతను కాలెత్తి నేలకేసి కొట్టినప్పుడు ఇంకోసారి. ఈ కిటుకు ఎవరికీ చెప్పలేదు. అయితే ఇప్పుడా లాంతరుకూ తనకూ మధ్య సరిగ్గా కొతోజి మొహం వచ్చి కూర్చుంది. పొడి లేదు, రంగు లేదు, గడ్డం మాసి నీలంగా ఉంది, చారల బట్ట కట్టుకుని చేపల తట్ట దించి వచ్చినవాడిలా ఉన్నాడు. మెడ మాత్రం అదే మెడ. ఆ మెడను అలా నిలపడానికి తానెన్ని వెదురుబద్దలు విరిచాడో.

"బాగున్నారా గురువుగారూ," అన్నాడు కొతోజి, తీగవాద్యం చప్పుడు చాటున, పెదవులు కదిలీ కదలకుండా. "పలకరేం? ఓ, పోయారు కదూ. మర్చిపోయాను."

పక్కగడిలో లావుపాటి ఆవిడ ఉష్ అంది. కొతోజి ఆమెకు వినయంగా తల వంచి, పుచ్చకాయ ముక్క తీసి కొరికాడు.

నేను పోయింది ఇవాళ కాదురా, వసంతంలో, అచ్చుబొమ్మల దుకాణంలో పోయాను, అనుకున్నాడు తోమినోజో. నాటకం ఇంకా పూర్తిగా రాయనే లేదు, అప్పటికే చిత్రకారుడు బైసెత్సు ఇంటికి వచ్చి కాగితాలు పరుచుకున్నాడు, ఆడకముందే బొమ్మ ఊరంతా తిరగాలి, బొమ్మ చూసి జనం నాటకానికి రావాలి, ఎప్పుడూ ఉన్నదే. మొగుడు ఒక చేత్తో కత్తి దూసి ఇంకో చేత్తో భార్య నడుంపట్టీ లాగుతాడు. పట్టీ చుట్టలు చుట్టలుగా విడిపోతుంటే ఓకినూ, అదే భార్య పేరు, వెనక్కి వెనక్కి నడిచి, జుట్టు విరబోసుకుని, పొడుగాటి అంగీ చేతి అంచు పళ్ళ మధ్య కరిచిపట్టి వెన్ను విల్లులా వంచుతుంది. అక్కడ కర్రచెక్కల చప్పుడు, అక్కడ అందరూ బిగుసుకుని బొమ్మల్లా నిలబడాలి, ఆ నిలబడ్డం కోసమే మిగతా నాటకమంతా. ఆ సాయంత్రం ఓకినూగా తోమినోజో వెలుతురు పోయేదాకా వంగే ఉన్నాడు. "ఇంకాస్త వెనక్కి, అమ్మగారూ, మెడ కనబడాలి," అన్నాడు బైసెత్సు. అమ్మగారు. రంగస్థలం దిగినా ఆడమనిషిగానే ఉండాలని వయసులోనే ఒట్టు పెట్టుకున్నాడు తోమినోజో, ఆడమనిషిగానే తిన్నాడు, ఆడమనిషిగానే తుమ్మాడు, నలుగురి ముందూ నోరు తెరిచి నవ్వలేదు. ఆ ఒళ్ళు చెప్పిన మాట విన్న చివరి సాయంత్రం అది. బొమ్మ మూడు కాగితాల వెడల్పున వచ్చింది. దుకాణం ముందు తాడుకు గుచ్చి వేలాడదీస్తే, తలమీద ముసుగు కప్పుకుని, గొడుగు వంచి పట్టుకుని, తానే వెళ్ళి చూసుకున్నాడు. ఇద్దరు ఆడవాళ్ళు దాని ముందు నిలబడి ఉన్నారు. "ఈ వయసులో ఆ నడుం చూడవే, నీకుందా నాకుందా," అంది ఒకామె. ఆ మాట మోసుకుంటూ ఇంటికి నడిచాడు. మళ్ళీ వెనక్కి తిరిగి వెళ్ళి ఇంకోసారి చూశాడు.

ఆ వారంలోనే కన్‌పాచి వచ్చాడు, నాటకశాల యజమాని, చిక్కుడుపప్పు మిఠాయి పెట్టె చేత్తో పట్టుకుని. ఆ మనిషి మిఠాయి తెచ్చాడంటే ఎవరి పీకో కోయబోతున్నాడని నటులందరికీ తెలుసు. కూర్చున్నాడు, వేడిగా ఉందన్నాడు, చల్లగా ఉందన్నాడు. "తోమిగారూ, మీ చెయ్యి వణుకుతోంది," అన్నాడు చివరికి. "మొన్నటి నాటకంలో టీ పోసే చోట గిన్నె గలగలలాడింది. పై అంతస్తు దాకా వినబడింది." మొహానికీ మెడకూ చేతులకూ పూసుకునే తెల్లపొడిలో సీసం ఉంటుంది, ఆడవేషాలు వేసేవాళ్ళందరికీ ఏదో ఒక రోజు చేతులు వణకాల్సిందే, ఇది కన్‌పాచికి తెలుసు, పొడి కొనిచ్చేది ఆయనే. "చలికి," అన్నాడు తోమినోజో. "సరే, చలికే. కానీ వణికే ముసలిదాన్ని చంపితే ఎవరేడుస్తారు చెప్పండి. పీడ వదిలిందనుకుంటారు. ఓకినూ వేషం కొతోజి వేస్తాడు. మీరు దాది వేయండి." "దాదికి మాటలెక్కడున్నాయి?" "అదే మరి. హాయిగా పడుకోవడమే. పడుకుంటే చెయ్యి వణకదు." మిఠాయి తీసుకోమన్నాడు. తీసుకున్నాడు తోమినోజో, నోటికి అంగీ చేతి అంచు అడ్డం పెట్టుకుని తిన్నాడు కూడా. తీపిగానే ఉంది, అదే అన్నిటికంటే నీచంగా అనిపించింది.

బొమ్మను మళ్ళీ మొదటినుంచి చెక్కలేదు. అచ్చువేసే చెర్రీ చెక్కలో తన తల ఉన్నంత మేర ఉలితో తొలిచి తీసేసి, ఆ గుంటలో ఇంకో చెక్కముక్క బిగించి, దాని మీద కొతోజి మొహం చెక్కారు. ఒళ్ళంతా తనదే. విల్లులా వంగిన వెన్ను తనది, వెనక్కి విరిగిన మణికట్టు తనది, మడమ ఎత్తిన తీరు తనది, మెడ పైన మాత్రం పాతికేళ్ళ కుర్రవాడి మొహం. దగ్గరగా చూస్తే మెడ చుట్టూ వెంట్రుకంత తెల్లగీత, అతుకు సరిగా కలవని చోట. ఆ బొమ్మ పట్టుకుని కొతోజి ఇంటికి వచ్చి నేల మీద నుదురు ఆనించాడు. "మీ ఒళ్ళు, నా మొహం. ఇంతకంటే మంచి బొమ్మ ఉంటుందా గురువుగారూ," అన్నాడు. అది వెక్కిరింపో, ప్రేమో. ఆ మాటను ఎన్నిసార్లు తిప్పి చూసుకున్నాడో తోమినోజో, ఈ రోజుకీ తేలలేదు, ఇప్పుడు అడగొచ్చు, చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉన్నాడు, గింజలు ఉమ్ముతున్నాడు, అడగడానికి తనకు నోరు లేదు.

రొకుసబురో కత్తి దూశాడు. జనం చూపు అటు పోయింది. తోమినోజో రెప్ప వేసి తీశాడు. కొతోజి అటు చూడలేదు, ఇటే చూస్తున్నాడు, చూసి చిన్నగా నవ్వాడు.

ఆ నవ్వు చిన్నప్పటిది. స్నానాలశాలలో నీళ్ళు మోసే ఆవిడ కొడుకు, తల్లి పోతే అక్క తెచ్చి గుమ్మంలో వదిలింది, మొహం చూసి ఉంచుకున్నాడు తోమినోజో, మొహం బాగుండకపోతే ఉంచుకునేవాడు కాదు. మోకాళ్ళ మధ్య కాగితం పెట్టి నడవమనేవాడు, కాగితం జారితే పిక్కల మీద వెదురుబద్దతో కొట్టేవాడు, మొహం మీద ఎన్నడూ కొట్టలేదు, మొహం సరుకు. నిద్రలో తల కదలకుండా కొయ్యదిండు. తినేటప్పుడు పళ్ళు కనబడితే గిన్నె లాగేయడం. ఒకసారి జ్వరంలో వాడు "అమ్మా" అన్నాడు, కళ్ళు మూసుకుని, తన అంగీ చేతి అంచు పట్టుకుని. నుదుటి దాకా వెళ్ళిన చెయ్యి అక్కడ ఆగిపోయింది. ఎందుకాగింది? ఆడమనిషిగా బతికినవాడికి ఆ ఒక్క పిలుపు దగ్గర ఏం భయమేసింది? మీసం రాని వయసులో వాడికి చచ్చిపోయిన సేవకుడి వేషం వచ్చింది, పడుకుని ఉండగా పైనుంచి కొవ్వొత్తి మైనం కారి వేళ్ళ మీద పడింది, వేలు ముడుచుకున్నాడు, ఎవరో నవ్వారు. ఆ సాయంత్రమే పెరట్లో మంచులో పడుకోబెట్టాడు తోమినోజో. "శవానికి వేడి లేదు, చలి లేదు. శవం మాట్లాడదు, శవం కదలదు. అది ఒంటికి పట్టేదాకా లేవకు," అన్నాడు. తాను లోపల కుంపటి ముందు కూర్చుని తలుపు సందులోంచి చూస్తూనే ఉన్నాడు. వాడి పెదవులు నీలమయ్యాయి, కనురెప్పల వెంట్రుకల మీద మంచు నిలిచింది. లేపి లోపలికి తెచ్చినప్పుడు వాడు ఏడవలేదు, తిట్టలేదు, "ఇప్పుడు బాగా చచ్చానా," అని అడిగాడు. "పరవాలేదు," అన్నాడు తోమినోజో. అంతకంటే పెద్ద మెప్పు వాడికి ఎన్నడూ ఇవ్వలేదు.

"మా అక్క ఆ బొమ్మ గోడకి అంటించింది," అంటున్నాడు కొతోజి. నడుంపట్టీ లాగే తంతు ఇంకా మొదలవలేదు, కథ పాడేవాళ్ళ గొంతు పెద్దదయింది, ఆ గొంతు కింద మాట్లాడుతున్నాడు. "మొదటిది కాదు, నేను పడ్డాక వచ్చినది. నా పరుపుకి ఎదురుగా అంటించింది, ధైర్యంగా ఉంటుందని. వేసవంతా మీరు నన్ను చూస్తూనే ఉన్నారు."

పడ్డాక వచ్చిన బొమ్మ. తోమినోజో ఆ రోజును తలచుకోకూడదనుకున్నాడు, తలచుకున్నాడు. అప్పట్లో దాది కళ్ళు మూసుకునే పడి ఉండేది, అందరు శవాల్లాగే, తాను మాత్రం రెప్పల కింద సన్నటి సందు ఉంచుకునేవాడు, శిష్యుడి తప్పులు చూడ్డానికి. ఆ రోజు తప్పులు లేవు. అదే భరించలేకపోయాడు. వాడు నడుస్తుంటే తన నడక, వాడు వెనక్కి చూస్తే తన చూపు, అన్నీ దొంగిలించి, దొంగసొత్తు మీద తనదేదో సువాసన చల్లి తిప్పుతున్నాడు. అప్పుడు చెంపకు చల్లగాలి తగిలింది. నేల లోంచి. చెంప చెక్కకు ఆని ఉంది గనక కనబడింది, నిలబడ్డవాళ్ళెవరికీ కనబడదు. తర్వాతి అంకంలో దయ్యం పైకి లేచే చోట కదిలే పలక ఒకటి ఉంది, దాని కింద గడియ ఎవరో వేయడం మర్చిపోయారు, ఒక పక్క వేలి మందాన కిందికి దిగి ఉంది, సందులోంచి నలుపు కనబడుతోంది. ఓకినూ అటే వెనక్కి వస్తోంది. వాద్యాలు ఆగిపోయే చోటది, కర్రచెక్కలు మోగబోయే ముందు నాటకశాలంతా ఊపిరి బిగపట్టే చోటు, మెల్లగా అన్నా వాడికి వినబడుతుంది. ఆగు. రెండక్షరాలు. నాలుక కొసకు వచ్చాయి. శవం మాట్లాడదు, అనుకున్నాడు. పలక నిలుస్తుందిలే, అనుకున్నాడు. వ్యవధి లేదు, అనుకున్నాడు. ఇన్ని అనుకోవడానికి వ్యవధి ఉంది, వాడి మడమ ఈసారి మరీ అందంగా లేచిందని చూసి మండిపడ్డానికి కూడా వ్యవధి ఉంది.

పలక తిరగబడింది. వాడు నడుం దాకా దిగిపోయాడు, ఒక కాలు కింది దూలాల మధ్య ఇరుక్కుంది, ఎముక విరిగిన చప్పుడు ఎండుకట్టె విరిగినట్టు తోమినోజో చెంప కింది చెక్కలోంచి వచ్చింది. వాడు అరుస్తాడనుకున్నాడు. అరవలేదు. నేలలోంచి సగం లేచిన ఆడదానిలా, చేతి అంచు పళ్ళ మధ్య కరిచిపట్టి, జుట్టు విరబోసుకుని, వెన్ను విల్లులా వంచి నిలిచిపోయాడు, కర్రచెక్కలు టపటపమంటుంటే తెర మూసేదాకా అలాగే నిలిచాడు. ఇదేదో కొత్త ఎత్తుగడ అనుకుని జనం లేచి నిలబడి "సుజుయా, సుజుయా" అని ఊగిపోయారు. సుజుయా అన్నది గురువుకీ శిష్యుడికీ ఒకటే ఇంటిపేరు, నచ్చిన నటుణ్ణి ఇంటిపేరుతో అరిచి మెచ్చుకోవడం ఇక్కడి జనం అలవాటు. తోమినోజో కళ్ళు పూర్తిగా తెరుచుకున్నాయి. తనైతే అరిచేవాడు. ఆ సంగతి అంత స్పష్టంగా ఎన్నడూ తెలియలేదు. ఇన్నేళ్ళూ తాను కొట్టి కొట్టి చేసింది తనకంటే పెద్దదయింది, అది ఇక నడవదు. కొతోజి చూపు మెల్లగా తిరిగి తెరుచుకున్న ఆ కళ్ళ మీద ఆగింది, తెర వచ్చి అడ్డం పడేదాకా అక్కడే ఉంది.

పక్కన జనం కూర్చునే అటకమీద ఉన్న బైసెత్సు దాన్నంతా గీసుకున్నాడు. కొత్త బొమ్మలో భార్య నడుం దాకా నేలలో దిగిపోయి ఉంది, మొగుడి కత్తి మీద మెరుపు, ముందు పక్కన దాది శవం, గడ్డిచాప, తెరిచి చూస్తున్న రెండు కళ్ళు. ఎంత తెలివైనవాడో, దాది ఆత్మ చూస్తున్నట్టు వేశాడు, అన్నారు జనం. అచ్చు వేసింది వేసినట్టు అమ్ముడైపోయింది, మంగలి దుకాణాల్లో, స్నానాలశాలల్లో, నూడుల్సు కొట్లలో ఆ కళ్ళే. తోమినోజో ఓకినూ మాటలు మళ్ళీ వల్లె వేసుకుంటూ కూర్చున్నాడు, వేషం ఇక తనదే గదా, ఇంకెవరున్నారు. కన్‌పాచి ఈసారి మిఠాయి తేలేదు. "ఓకినూకి ఒసాకా నుంచి మనిషిని పిలిపించాను, పలక దించుకుని నిలబడ్డం ఎవరైనా చేస్తారు," అన్నాడు. "జనం ఆ కళ్ళు అడుగుతున్నారు తోమిగారూ. మీలాగా చచ్చేవాళ్ళు ఎడోలో ఎవరున్నారు? రేపటినుంచి తెరిచే పడుకోండి, రెప్ప మాత్రం పడకూడదు." ఏ వేషం కోసం నోరు మూసుకున్నాడో ఆ వేషం పోయింది, ఆ నోరు మూసుకున్న క్షణమే రోజూ పదిమంది ముందూ పరుచుకుని పడుకోవాల్సి వచ్చింది.

"బైసెత్సుగారిని అడిగాను," అన్నాడు కొతోజి. పళ్ళెం పక్కన పెట్టాడు. గొంతులో వెటకారం పోయింది, మామూలుగా, వంటింట్లో ఉప్పు అడిగినట్టు మాట్లాడుతున్నాడు. "నేను చూడనిది గీయనయ్యా, కళ్ళు తెరిచే ఉన్నాయి, అన్నారు. పడ్డాక తెరిచారో పడకముందే తెరిచారో ఆయనకి తెలీదట. అది మీకొక్కరికే తెలుసు."

ఓకినూ నడుంపట్టీ మొదటి చుట్టు విడిపోయింది.

"ఒక్కటే అడుగుతాను. పలక దిగి ఉండడం మీరు చూశారా? చూడలేదంటే ఒక్కసారి రెప్ప వేయండి, నమ్ముతాను. మీ మీద ఒట్టు, నమ్ముతాను. ఈ కర్ర పట్టుకుని వెళ్ళిపోతాను, మళ్ళీ మీ కంటబడను. వేయలేదంటే చూశారన్నమాట. ఇక్కడే లేచి నిలబడి అందరికీ చెబుతాను." కాస్త ముందుకు వంగాడు. "రొకుసబురో కాలు కొట్టినప్పుడు కాదు. ఆ దొంగరెప్ప నాకొద్దు. ఆవిడ వంగినప్పుడు వేయండి, అందరూ మిమ్మల్నే చూసేటప్పుడు."

రొకుసబురో కాలెత్తి నేలకేసి కొట్టాడు. తోమినోజో ఆ రెప్ప వేయలేదు, భయపడ్డాడు, దాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటాడేమోనని. కళ్ళలో ఇసుక పోసినట్టుంది. ఊరికే పడి ఉంటే చాలు, నిజం చెప్పినట్టవుతుంది. జీవితమంతా అబద్ధం ఆడడానికే ఒంటిని మలిచాడు, ఇవాళ ఒక్క రోజు కదలకపోవడమే నిజం, కదలకపోవడమే నాటకం, రెండూ ఒకటే చోట పడ్డాయి, ఎంత సులువు. తర్వాత? వాడు లేస్తాడు, కర్ర మీద ఆనుకుని చెబుతాడు, ఆ గొంతు తానే తయారుచేసింది, పై అంతస్తు దాకా వెళుతుంది. శిష్యుడి కాలు మింగినవాడు. గుమ్మాల్లోంచి ఒంటిమీద నీళ్ళు చల్లి తరుముతారు, దుకాణాల్లో బొమ్మలు చించుతారు, కన్‌పాచి నేనా ఆయనెవరో తెలీదంటాడు, ఈ చేతులతో, ఈ ఆడ నడకతో ఏ వీధిలో బతకాలి? అది కాదు, అది కూడా కాదు. నమ్ముతాను అన్నాడు వాడు. ఆ మాట వాడి నోట ఇంకోసారి వినాలనిపించింది, ఎందుకో, జ్వరంలో చేతి అంచు పట్టుకున్న పిల్లవాడు నమ్మినట్టు, అడక్కుండా నమ్మినట్టు. అబద్ధమైతేనేం. వాడు నిశ్చింతగా వెళతాడు, తాను నిశ్చింతగా పడుకుంటాడు. ఒక్క రెప్ప. జనం ఒక్క రెప్పకి ఏమనుకుంటారు, దీపం అదిరిందనుకుంటారు.

పట్టీ చివరి చుట్టు విడిపోయింది. ఒసాకా నటుడు దించిన పలక మీద నడుం దాకా దిగి, జుట్టు విదిలించి, వెన్ను వంచాడు. వాద్యాలు ఆగాయి. విసనకర్రలన్నీ ఆగాయి. నాటకశాలలో ఉన్న కళ్ళన్నీ వచ్చి దాది కళ్ళ మీద వాలాయి, ఆ బరువు చెంప మీద తెలిసింది. కొతోజి ఊపిరి బిగపట్టి ఉన్నాడు, పెదవులు కొంచెం విడివడి, అవి చిన్నప్పటి పెదవులు.

తోమినోజో రెప్ప వేశాడు. హడావిడిగా కాదు, దొంగతనంగా కాదు, పనితనమంతా పెట్టి, రెండు రెప్పలూ ఒకే మెత్తదనంతో దించి, లేదు నాయనా, చూడలేదు, అన్నంతసేపు మూసి ఉంచి తెరిచాడు. రెప్పల వెనక చల్లగా ఉంది.

"అమ్మా, దాది రెప్ప వేసింది," అంది వెనకెక్కడినుంచో ఒక పిల్ల గొంతు.

ముందు ఒకడు కిసుక్కుమన్నాడు. తర్వాత లావుపాటి ఆవిడ పొట్ట పట్టుకుంది. నవ్వు నేలగళ్ళ మీదుగా పాకి, పక్క అటకల మీదికెక్కి, పై అంతస్తులోకి పోయి అక్కడినుంచి మళ్ళీ కిందికి కురిసింది. "లేవవే ముసలిదానా, టీ చల్లారుతోంది," అని అరిచాడొకడు. "చంపడం సరిగా రాలేదురా, ఇంకో పోటు పొడువు," అన్నాడు ఇంకొకడు. ఒసాకా నటుడి వెన్ను విల్లు సడలిపోయింది, పళ్ళ మధ్య బట్ట జారింది. రొకుసబురో కత్తి ఎత్తి పట్టుకుని ఎటు చూడాలో తెలియక నిలబడిపోయాడు. పుచ్చకాయ తొక్క ఒకటి వచ్చి గడ్డిచాప మీద పడింది, దాని వెనక ఇంకొకటి.

కొతోజి నవ్వలేదు. చేతిగుడ్డతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు. తోమినోజో ఆ ఒక్క మాట కోసం చూశాడు, నమ్మాను, అంటాడని.

"నా కాలు పోతుంటే కదల్లేదు మీరు," అన్నాడు కొతోజి. "మీ పరువు పోతుందంటే కదిలారు. చాలు, నాకు తెలిసిపోయింది."

"చూడలేదు," అన్నాడు తోమినోజో. ఆ నవ్వుల హోరులో ఆ మాట ఎవరికీ వినబడలేదు, కొతోజికి వినబడింది. కర్ర పట్టుకుని లేచాడు. పడ్డవాడిని చూసినట్టు కాసేపు కిందికి చూశాడు.

"పడుకోండి గురువుగారూ, ఇంకా అంకం అవలేదు," అని, బిగుసుకున్న కాలు ముందు వేసి, గళ్ళ మధ్య కొయ్యల మీదుగా మెల్లగా నడిచి వెళ్ళిపోయాడు. ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పే అవసరం లేకపోయింది.

మర్నాడు తెల్లారి కన్‌పాచి దాది వేషానికి గడ్డిబొమ్మ చేయించాడు. మొహానికి కాగితం అంటించి, దాని మీద కళ్ళు సిరాతో గీయించాడు. తోమినోజో తన అద్దం, దువ్వెనల పెట్టె, కొయ్యదిండు మూటగట్టుకుని, వెనక గుమ్మంలోంచి సందులోకి దిగాడు. ఎవరూ సాగనంపడానికి రాలేదు. ఎండ అప్పుడే కాలుతోంది. లోపల ఆ అంకమే నడుస్తోంది, పలకల గోడ అవతల వాద్యాలు ఆగిపోవడం విన్నాడు, కర్రచెక్కలు టపటపమనడం విన్నాడు, ఆ వెంటనే, ఏ రోజూ లేనంత గట్టిగా, జనం గడ్డిబొమ్మను చూసి అరవడం విన్నాడు.

"సుజుయా. సుజుయా."

మూట కింద పెట్టి, గోడ వైపు తిరిగి, మోకాళ్ళు దగ్గరగా చేర్చి, అంగీ చేతుల అంచులు సర్దుకుని, తోమినోజో వంగి నమస్కారం చేశాడు.